మంగళవారం బెంచీ

ఫిబ్రవరి 4, మంగళవారం

ట్రయల్ మొదలైంది. పదకొండేళ్ళ పని. ఎలుకల నోళ్ళూ కుందేళ్ళ నోళ్ళూ చూసి చూసి, చివరికి మనుషుల నోళ్ళ దాకా వచ్చాను. ముప్పై ఆరు మంది. అందరికీ గొంతుకో దవడకో రేడియేషన్ ఇచ్చారు. కాన్సర్ పోయింది, దాంతోపాటు లాలాజల గ్రంథులూ పోయాయి. నోరు ఎండటమంటే దాహం అనుకుంటారు జనం. దాహమైతే నీళ్ళు తాగితే తీరుతుంది. ఇది తీరదు.

సగం మందికి మా మాత్ర. సగం మందికి అచ్చం అలాగే ఉండే ఉత్తి మాత్ర. ఎవరికి ఏది అన్నది ఫార్మసిస్టు బీరువాలో, సీలు వేసిన కవర్లో ఉంది. అది నాకూ తెలియదు, వాళ్ళకూ తెలియదు. పదహారు వారాలయ్యాక విప్పుతాం.

పద్నాలుగో నంబరు మా అక్క.

ఫిబ్రవరి 5

అక్క సంగతి రాయాలి. ఎక్కడా రాయలేను కాబట్టి ఇక్కడ.

మా అక్కని ఇంట్లో వసపిట్ట అనేవాళ్ళం. నిద్రలో కూడా మాట్లాడేది. అన్నం తింటూ మాట్లాడేది, బట్టలు ఆరేస్తూ వీధి చివర మనిషితో మాట్లాడేది, రాంగ్ నంబర్ వస్తే పావుగంట మాట్లాడి వాళ్ళ పిల్లల చదువులు కనుక్కుని పెట్టేసేది. రెండేళ్ళ క్రితం గొంతులో గడ్డ. ముప్పై మూడు సార్లు రేడియేషన్. ఇప్పుడు నాలుగు మాటలకోసారి సీసా ఎత్తి గుక్క నీళ్ళు తాగాలి, లేకపోతే నాలుక అంగిటికి అతుక్కుంటుంది. రొట్టె ముక్క నోట్లో పెట్టుకుంటే రంపపు పొట్టు నమిలినట్టు ఉంటుందట. బావ అన్నీ మిక్సీలో వేసి జావ చేసి ఇస్తాడు. బరువు నలభై నాలుగు కిలోలు.

ట్రయల్‌కి అనుమతిచ్చే కమిటీ వాళ్ళు ముందు వద్దన్నారు, సొంత అక్క ఎలా అని. చివరికి ఒక షరతు పెట్టారు. ఉమ్ము పట్టే గదికి నేను వెళ్ళకూడదు. పట్టేదీ తూచేదీ అంతా టెక్నీషియన్ చూసుకోవాలి. నేను పై అంతస్తులో కూర్చుని అంకెలు మాత్రం చూడాలి. సరే అన్నాను. ఈ అక్క కోసమే కదా నేను ఎలుకల నోళ్ళు వదిలి పరుగెత్తుకొచ్చింది.

ఫిబ్రవరి 6, గురువారం

పద్దెనిమిది మంది మంగళవారం వస్తారు, పద్దెనిమిది మంది గురువారం. పొద్దున తొమ్మిదికి. గంటన్నర ముందు నుంచి ఏమీ తినకూడదు, తాగకూడదు. ఒక్కొక్కరే లోపలికి వెళ్ళి, తల వంచుకుని, ట్యూబు పెదవికి ఆనించి అయిదు నిమిషాలు ఊరకే కూర్చోవాలి. కారినంత కారాలి. ఉమ్మేయకూడదు, నాలుక ఆడించకూడదు. తర్వాత ట్యూబు తూచాలి. మామూలు మనిషికి ఆ అయిదు నిమిషాల్లో గ్రామున్నర వస్తుంది. వీళ్ళకి సున్నాకి కాస్త అటూ ఇటూ.

మా టెక్నీషియన్ పేరు మిల్లీగ్రాం. నేనే పెట్టాను. టీలో పంచదార కూడా తూచి వేసుకునే రకం. ఇంతకంటే నమ్మకమైన మనిషి ఈ డిపార్టుమెంటులో లేడు, హెడ్‌గారితో సహా.

అక్క మొదటి అంకె: 0.00.

ఫిబ్రవరి 25, మంగళవారం

పొద్దున మెట్ల దగ్గర ఆగాను. కింద కారిడార్‌లోంచి నవ్వులు వినిపించాయి. పద్దెనిమిది మంది ఎండు నోళ్ళతో అంత నవ్వు ఎలా వస్తుందో. అక్క గొంతు మధ్యలో తెగుతూ వినబడింది, బొంగురుగా. ఆవిడ సంగతి తెలిసిందే, ఎక్కడ కూర్చున్నా సభ పెట్టేస్తుంది. దిగి చూడాలనిపించింది. షరతు గుర్తొచ్చి పైకి వచ్చేశాను.

మార్చి 9, ఆదివారం

అక్క వాళ్ళింటికి వెళ్ళాను. బావ తలుపు తీసి, గొంతు తగ్గించి, నిన్న అక్క జావ కూడా సగంలో వదిలేసిందని చెప్పాడు. అక్క మాత్రం నన్ను చూడగానే ఒళ్ళు చేశావేం పొట్టీ అంది. నాకు నలభై ఆరేళ్ళు, అయినా పొట్టినే.

మందు ఏమైనా పని చేస్తోందా అని అడగకూడదు. అడిగాను. చేస్తుందిలే, తొందరేముంది అంది. సీసా ఎత్తి తాగింది. బెంచీ మీద వాళ్ళ గురించి చెప్పింది: ఒక లారీ డ్రైవరు ఉన్నాడట, ఒక బడి పంతులమ్మ, ఒక టైలరు. టైలరు నోట్లో తడి లేక దారం కొస సూదిలోకి ఎక్కదట, పక్క షాపు వాడి చేత తడిపించుకుంటాడట. అది చెప్పి అక్క నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక ఏడ్చాను.

మార్చి 28

అక్క 41.5 కిలోలు.

ఏప్రిల్ 12, శనివారం, ఉదయం 11

ఈరోజు అందరి అంకెలూ మొదటిసారి కలిపి చూశాను. సగం ట్రయల్ అయ్యింది కాబట్టి చూడొచ్చు, కవరు మాత్రం విప్పకూడదు. ముప్పై ఆరు చుక్కలు గ్రాఫు మీద పెట్టాను, నంబర్ల వారీగా.

రెండు కుప్పలు!

కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాను. పదిహేడు చుక్కలు పైకి లేచాయి. మిగతా పందొమ్మిది నేల మీదే ఉన్నాయి. మధ్యలో ఖాళీ. మా మాత్ర పద్దెనిమిది మందికి ఇచ్చాం. ఒక్కరికి పని చేయలేదనుకుంటే లెక్క సరిగ్గా సరిపోతుంది. కవరు విప్పక్కర్లేదు, గ్రాఫే చెబుతోంది. పదకొండేళ్ళలో మొదటిసారి కుర్చీలోంచి లేచి గదిలో గుండ్రంగా తిరిగాను. హెడ్‌గారికి ఫోన్ చేశాను. ఆయన ఎప్పుడూ వాచీ చూసుకుంటూ మాట్లాడే మనిషి, ఈసారి అరగంట మాట్లాడాడు. పెద్ద ట్రయల్‌కి కాగితాలు సిద్ధం చెయ్యమన్నాడు.

తర్వాత పద్నాలుగో నంబరు వెతికాను. నేల మీద ఉంది. 0.00. ప్రతి వారం 0.00.

గ్రాఫు మూసేశాను. ఒక్క నిమిషం. ఆ తర్వాత బుర్ర వెలిగింది: అంటే అక్కకి పడింది ఉత్తి మాత్ర! అసలుది ఇంకా పడనే లేదు.

అదే రోజు, సాయంత్రం 5

చెయ్యకూడని పని చేశాను. అక్క దగ్గరికి వెళ్ళి చెప్పేశాను. నీకు ఉత్తి మాత్రలు పడ్డాయి, అసలుది బ్రహ్మాండంగా పని చేస్తోంది, ట్రయల్ అవగానే నీకు అసలుది ఇప్పిస్తాను, ఒట్టు, అని. అక్క నా రెండు చేతులూ పట్టుకుంది. నాకు ముందే తెలుసే పొట్టీ, నువ్వు చేసిన మందు పని చెయ్యకపోవడమేమిటి, నాకు పడి ఉండదు అనుకుంటూనే ఉన్నాను అంది. బావ వంటింట్లో మిక్సీ ఆపేశాడు.

ఈ సంగతి కమిటీకి తెలిస్తే నా ఉద్యోగం ఊడుతుంది. ఊడనీ.

ఏప్రిల్ 13

బాగా నిద్రపట్టింది.

మే 2, శుక్రవారం

అక్కని చూసే డాక్టరు కేకలేశాడట. నలభై కిలోల కిందికి వచ్చింది. ఇక నోటితో తినే తిండి చాలదు, కడుపుకి గొట్టం వేద్దాం, ఆలస్యం చేస్తే ఒళ్ళు తట్టుకోదు అన్నాడట. అక్క ససేమిరా అంది. నెలన్నరలో అసలు మాత్ర వస్తుంది, వచ్చాక నోటితోనే తింటాను, అప్పటిదాకా ఆగండి అందట.

బావ ఫోన్ చేసి నన్నే అడిగాడు, ఆగొచ్చా అని. నువ్వు చెబితే వింటుంది అన్నాడు.

ఆగొచ్చన్నాను.

మే 27, మంగళవారం

ఆఖరి మంగళవారం. మిల్లీగ్రాం అంకెలు పంపాడు. అన్నీ అలాగే ఉన్నాయి, రెండు కుప్పలూ చెక్కుచెదరలేదు. పద్నాలుగు: 0.00.

జూన్ 9, సోమవారం, మధ్యాహ్నం 3

కవరు విప్పాం. హెడ్‌గారు, ఫార్మసిస్టు, నేను. హెడ్‌గారు స్వీట్లు తెప్పించాడు ముందే.

లేచిన పదిహేడు మందిలో మా మాత్ర పడింది తొమ్మిది మందికి. ఉత్తి మాత్ర పడింది ఎనిమిది మందికి.

లేవని పందొమ్మిది మందిలో మా మాత్ర తొమ్మిది. ఉత్తిది పది.

అంటే ఏమీ లేదు. నాణెం ఎగరేసినా అంతే వస్తుంది. నేను నంబర్లు తప్పు చదివానేమోనని ఫార్మసిస్టు చేత మళ్ళీ చదివించాను. ఆయన మూడోసారి చదువుతుంటే హెడ్‌గారు వాచీ చూసుకున్నాడు. మరి ఆ పదిహేడు మందికి నోరు ఎందుకు తడిసింది అని అడిగాడు. నన్ను అడుగుతున్నాడు! నాకే తెలిస్తే ఇలా గుడ్లప్పగించి కూర్చుంటానా? స్వీట్ల డబ్బా ఎవరూ తెరవలేదు.

అదే రోజు, 4:30

పద్నాలుగో నంబరు. ఇంతసేపూ చూడలేదు. ధైర్యం లేక చూడలేదు. ఇప్పుడు చూశాను.

అసలు మాత్ర.

మొదటి రోజు నుంచీ, రోజుకి మూడు పూటలా, పదహారు వారాలు, అక్క మింగింది అసలు మాత్రే.

జూన్ 10, మంగళవారం

జాబితా వేరేగా పేర్చాను. వయసు వారీగా, రేడియేషన్ మోతాదు వారీగా. ఏమీ కుదరలేదు. ఇక విసుగొచ్చి రోజుల వారీగా పేర్చాను.

లేచిన పదిహేడు మందీ మంగళవారం వాళ్ళే. గురువారం వాళ్ళు ఒక్కరూ లేరు. మంగళవారం బెంచీ మీద కూర్చున్న పద్దెనిమిది మందిలో లేవనిది ఒక్కరే. మా అక్క.

మిల్లీగ్రాంని పిలిచి అడిగాను. అతను తొణకలేదు. అవును మేడమ్, మంగళవారం ట్యూబులు బరువుగా ఉండేవి, నాలుగో వారం నుంచి అన్నాడు. మరి చెప్పవేం నాయనా అంటే, మీరు తూచమన్నారు, తూచాను, ఏ అంకె ఎందుకొచ్చిందో ఆలోచిస్తే తూకం ఒక పక్కకి మొగ్గుతుందని మీరే కదా ట్రెయినింగులో చెప్పారు అన్నాడు. చెప్పాను. నేనే చెప్పాను. నా మొహం.

త్రాసు సరిచూశాం. ట్యూబులు సరిచూశాం. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. వాళ్ళు నింపిన ఫారాలు తిరగేశాను. ఏమైనా తిన్నారా? లేదు. తాగారా? లేదు. నాలుగు నెలలు, ప్రతి ఫారం మీదా, అదే సమాధానం.

జూన్ 12, గురువారం, ఉదయం 8

మొదటిసారి ఆ బెంచీ మీద కూర్చున్నాను. ట్రయల్ అంతా జరిగిన బెంచీ, నేను ఒక్కనాడు కూడా కూర్చోలేదు. ఎదురుగా గోడ, గోడ మీద చెయ్యి కడుక్కునే పద్ధతి బొమ్మ. పక్కన తలుపు. ఆ తలుపు చూస్తూ కూర్చుంటే, లోపలికి పిలుస్తారేమోనని నేనే నాలుకతో పెదవులు తడుపుకున్నాను.

ఊడ్చే ఆవిడ వచ్చి కాళ్ళు ఎత్తమంది. ఎత్తాను. చీపురు ఆపకుండానే, ఈమధ్య శుభ్రంగా ఉంటోందమ్మా, మంగళవారాలు పోయాయి కదా అంది. ఏం, మంగళవారం ఏముండేది అని అడిగాను. నిమ్మ చెక్కలు అంది. బెంచీ కింద, కిటికీ గట్టు మీద, ఎక్కడపడితే అక్కడ. పిండినవి కూడా కాదట, ఊరికే కోసినవి. ఏం మనుషులో, తినరు, పారెయ్యరు అంటూ ఊడ్చుకుంటూ వెళ్ళిపోయింది.

వంగి బెంచీ కింద చూశాను.

నా డిగ్రీ మొదటి ఏడు గుర్తొచ్చింది. హాస్టల్ నుంచి ఇంటికి వచ్చి, కొత్తగా నేర్చుకున్న చదువంతా అక్క మీద ఒలకబోసేదాన్ని. నిమ్మకాయ కోసి ముక్కు దగ్గర పెట్టి, చూడు, తినకుండానే నోరెలా తడుస్తుందో అని. అక్క పెదాలు చప్పరించి, ఓసి నీ చదువు సంతకెళ్ళా, ఇది నాకు తెలియదా అని నవ్వేది.

జూన్ 13, శుక్రవారం

అక్క దగ్గరికి వెళ్ళాను. కోపంగానే వెళ్ళాను. మంచం మీద కూర్చుని ఉంది, దిండు వీపుకి పెట్టుకుని. చేతులు చూస్తే కోపం నిలవలేదు. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి.

నిమ్మకాయలు ఎవరు తెచ్చేవాళ్ళు అని అడిగాను. నేనే, ఇంకెవరు తెస్తారు అంది. దాపరికమే లేదు. నాలుగో వారం నుంచి, సంచీలో రెండు కాయలు, చిన్న కత్తి. ముక్కలు కోసి తలా ఒకటి ఇచ్చేదట. వాసన చూసి, నాలుక చివర ఒక్కసారి తాకించి పారెయ్యమనేదట. తినకూడదు, తాగకూడదు అన్నారు, మేము తినలేదే, తాగలేదే అంది. మండేది అందరికీ. మండినా ఒక చుక్క వచ్చేది.

ఎందుకు చేశావే, నా అంకెల కోసమా అని అరిచాను. జన్మలో అక్క మీద నేను అరవడం ఇదే మొదటిసారి.

అక్క సీసా ఎత్తి తాగింది. నీ అంకెలు నాకేం తెలుసే అంది. తర్వాత ఆగి ఆగి చెప్పింది. మూడో మంగళవారం లారీ డ్రైవరు లోపలి నుంచి వచ్చి కూలబడ్డాడట. అంత మనిషి, మీసాలు, ఇంత చేతులు. అయిదు నిమిషాలు ట్యూబు పెదవికి పెట్టుకుని కూర్చుంటే ఒక్క చుక్క రాలేదట. ఖాళీ ట్యూబు ఆ తూచే అబ్బాయి చేతికి ఎలా ఇవ్వాలో తెలియక రుమాల్లో చుట్టి ఇచ్చాడట. బయటికొచ్చి, ఉమ్మడానికి కూడా పనికిరానివాణ్ణి అయిపోయానమ్మా అని ఏడ్చాడట. పంతులమ్మ అయితే ముందురోజు నుంచే అన్నం మానేసేదట భయంతో. ఖాళీ ట్యూబు ఇచ్చేటప్పుడు మనిషి మొహం ఎలా ఉంటుందో నువ్వెప్పుడైనా చూశావా పొట్టీ అని అడిగింది.

చూడలేదు. పదకొండేళ్ళుగా తూకాలే చూశాను.

నిమ్మకాయ పట్టుకెళ్ళిన రోజు నుంచి అందరూ తలెత్తుకుని బయటికొచ్చారు, అంతే, నేను చేసింది ఇంతే అంది. డ్రైవరు ట్యూబు పైకెత్తి వెలుతురులో చూసుకునేవాడట.

మరి నీకు అని అడిగాను. నాకు మండటమే, చుక్క లేదు అంది. నువ్వూ ట్యూబు రుమాల్లో చుట్టి ఇచ్చేదానివా అని అడగబోయి ఊరుకున్నాను.

అప్పుడు నవ్వి, ఇంతకీ కవరు విప్పారటగా, నాది ఉత్తిదేగా, అసలుది ఎప్పటి నుంచి వేసుకోవాలి అని అడిగింది. బావ తలుపు దగ్గర క్యాలెండరు చూస్తూ నిలబడ్డాడు.

ఫోన్ మోగిందని అబద్ధమాడి బయటికి వచ్చేశాను.

జూన్ 14, శనివారం

హెడ్‌గారికి ఉత్తరం రాసిచ్చాను. మందు పని చేయదని, మంగళవారం అంకెలు చెల్లవని, పద్నాలుగో నంబరు దగ్గర నేను ముందే నోరు జారానని, మూడూ రాశాను. ఆయన చదివి, ఈ మూడోది రాయకపోతే ఎవరికీ తెలియదు కదమ్మా అన్నాడు. మొదటిసారి వాచీ చూసుకోలేదు. రాసిందే ఉంచమన్నాను.

పదకొండేళ్ళు పోయినందుకు ఏడుపు రావాలి. రాలేదు. నా కళ్ళ ముందు ఒక్కటే అంకె. 37.8. బావ పొద్దున మెసేజ్ పెట్టాడు. ఆగొచ్చని నేనన్న రోజున ముప్పావు కిలో తక్కువ నలభై ఉంది. ఆ ఆరు వారాల్లో పోయిన ప్రతి గ్రామూ నా నోటి మాట మీద పోయింది. గొట్టం అప్పుడే వేసి ఉంటే తేరుకునేది. నేను మాట ఇచ్చాను, ఆవిడ నా మాట తింటూ బతికింది.

ఇప్పటిదాకా పడింది ఉత్తిదే అని చెప్పేద్దామా? ఇంకో నాలుగు నెలలు ఉత్తి మాత్రలే ఇచ్చి, అసలువని చెబుదామా? సంతోషంగా ఉంటుంది. గొట్టం వద్దంటుంది. పోతుంది.

రేపు చెప్పాలి.

జూన్ 15, ఆదివారం, ఉదయం 10

దారంతా మాటలు కూర్చుకున్నాను. మంచం మీద అక్క పక్కన కూర్చుని నోరు తెరిచాను. నాలుక అంగిటికి అతుక్కుపోయింది. మింగుదామంటే ఏమీ లేదు. గొంతులోంచి గాలి వచ్చింది, మాట రాలేదు.

అక్క నా మొహం కాసేపు చూసింది. తన సీసా మూత తీసి నా చేతిలో పెట్టింది. ముందు తాగు పొట్టీ, నెమ్మదిగా, ఒక్కో గుక్క అంది.

తాగాను.

ఏ మాత్ర అని అడగలేదు. బావని పిలిచి, డాక్టరుకి ఫోన్ చెయ్యండి, ఆ గొట్టమేదో వేయించుకుందాం అని చెప్పింది.